రెండు వందల కర్చీఫులు

పోయిన వారం మనం నారాయణగూడలో, ఒక రెండో అంతస్తు గదిలో, పలకడం మానేసిన సర్వర్ ముందు రచనను కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. మనకు వారం గడిచింది గానీ ఆ అమ్మాయి గడియారంలో ముల్లు కదల్లేదు. ఆదివారం ఉదయం, పది గంటల నలభై ఒక్క నిమిషం. పదకొండింటికి పరీక్ష.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు. జగన్నాథరావు గారు 'మలి ప్రయత్నం స్టడీ సర్కిల్' నడుపుతున్నారు. గ్రూప్స్ పరీక్ష ఒకసారి తప్పినవాళ్ళే ఆయన విద్యార్థులు, కాబట్టి ఆయనకు విద్యార్థుల కరువు ఏనాడూ రాలేదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో గదులు తీసుకుని చదువుకునే పద్నాలుగు వందల మంది ప్రతి ఆదివారం ఫోన్లలో ఆయన యాప్ తెరిచి మోడల్ పరీక్ష రాస్తారు. ఆరు ఆదివారాల మార్కులు కలిపి, మొదటి అరవై మందికి గది ఇచ్చి, అన్నం పెట్టి, అసలు పరీక్ష దాకా ఆయనే చదివిస్తారు. ఆ యాప్ వెనక పరీక్ష నడిపే ప్రోగ్రాం రాసింది రచన. నల్లకుంట పిల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు. తన పని తనకు తెలుసునన్న ధీమా ఉన్న మనిషి. ఆ ధీమా కొందరికి పొగరులా కనిపిస్తుంది, నాకైతే ముచ్చటగా ఉంటుంది.

మొదటి రెండు పరీక్షలు సాఫీగా జరిగాయి. తర్వాతి రెండు ఆదివారాలు మాత్రం సరిగ్గా పరీక్షకు ముందు సర్వర్ మూగబోయింది, పరీక్ష రద్దయింది. రద్దయితే పాత మార్కులే నిలుస్తాయి. ఆ పాత మార్కుల్లో యాభై ఏడో స్థానంలో, అంటే అంచు మీద, వేలాడుతున్నవాడి పేరు అనుదీప్. రచనకు సొంత తమ్ముడు. ఇంకేం కావాలి? "లోపలి మనిషి చెయ్యి లేకుంటే గిట్లెట్ల అయితది?" అని ఆఫీసు మేనేజర్ రాఘవేందర్ స్టాఫ్ అందరి ముందూ అనేశాడు. జగన్నాథరావు గారు ఆ మాటను సమర్థించలేదు, ఖండించనూ లేదు. మూడోసారి కూడా ఇదే జరిగితే రచన తాళాలిచ్చి వెళ్ళిపోవాలని, అనుదీప్ పేరు లిస్టులోంచి తీసేస్తామని మాత్రం చెప్పారు.

ఇదిగో, మూడోసారీ అదే జరిగింది.

"రీస్టార్ట్ కొట్టుండ్రి మేడం. టైం లేదు," అన్నాడు రాఘవేందర్, ఆమె కుర్చీ వెనక నిలబడి.

ఫ్యాను ఆగినా, ఫోను ఆగినా, జిరాక్స్ మిషన్ ఆగినా రాఘవేందర్ దగ్గర ఒకటే మందు. ఆపి మళ్ళీ వెయ్యడం. చిక్కడపల్లిలో పుట్టి, అక్కడి నుంచి నారాయణగూడకు రోజూ స్కూటర్ మీద వచ్చి పోతూ పదకొండేళ్ళుగా ఆ ఆఫీసును ఆ ఒక్క మందుతోనే నెట్టుకొస్తున్నాడు. నిజం చెప్పాలంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు అది పనిచేసింది కూడా.

"కొట్టను సార్," అంది రచన తెర మీంచి చూపు తిప్పకుండా.

వారం క్రితం దాకా ఆమెకు అతను 'అన్న', అతనికి ఆమె 'బిడ్డ'. ఆ మాట అన్న రోజు నుంచి ఇద్దరూ సార్, మేడం అయిపోయారు.

"కొట్టరా? ఎందుకు కొట్టరు?"

"పోయినసారి మీరే కొట్టిండ్రు. అంతకు ముందుసారి కూడా మీరే కొట్టిండ్రు. ఆరు నిమిషాలల్ల మళ్ళ ఆగింది. ఎందుకాగిందో చెప్పనీకి నిశానీ ఒక్కటి మిగల్లే. ఈసారి ఆగింది ఆగినట్టే ఉండనియ్యుండ్రి. నేను చూడాలె."

"చూసుడు కాదు మేడం, పోరగాళ్ళు పరేషాన్‌ల ఉన్నరు!"

ఆ గొంతుకి తన గదిలోంచి జగన్నాథరావు గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. తండ్రి కాలంలో తెనాలి నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఇంతకాలం ఈ ఊళ్ళో ఉన్నా మాటలో తెనాలి అలాగే ఉంది.

"ఏంటమ్మా ఇది? అవతల పద్నాలుగు వందల మంది కూర్చున్నారు. ఆయన చెప్పినట్టు చెయ్యొచ్చు కదా?"

"ఎనిమిది నిమిషాలు ఇయ్యండి సార్."

"ఇస్తాను. ఎనిమిది నిమిషాలూ అయిపోయాక రీస్టార్ట్ చేస్తే అప్పటికి పరీక్ష నడుస్తుందా?"

"నడవదు సార్. ఇప్పుడు చేసినా నడవదు. ఎందుకాగిందో తెలిస్తేనే నడుస్తది."

ఉద్యోగం పోయే ముందు నిమిషంలో ఇలా మాట్లాడేవాళ్ళను జగన్నాథరావు గారు తన జీవితంలో ఎక్కువమందిని చూడలేదు. ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుని, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు.

"పది నలభై రెండు. పది యాభైకి నేనే కొడతాను."

రచన పని మొదలుపెట్టింది.

ముందుగా తేల్చుకోవలసింది ఒకటే. ప్రోగ్రాం చచ్చిందా, బతికే ఉండి పలకడం లేదా? బతికే ఉంది. మరి పని ఎక్కువై సొమ్మసిల్లిందా? లేదు. ప్రాసెసర్ నూటికి రెండు వంతులు కూడా పనిచేయడం లేదు. మెమరీ సగానికి సగం ఖాళీ. డిస్క్ నిండలేదు. పోనీ తీగ తెగిందా అంటే, అదే మెషిన్ మీద ఉన్న స్టడీ సర్కిల్ వెబ్‌సైట్ ఆమె ఫోన్‌లో చక్కగా తెరుచుకుంది. తీగ బాగుంది, మెషిన్ బాగుంది. మూగబోయింది ఒక్క ఆమె రాసిన ప్రోగ్రామే.

రచనకు భయం వేసింది. తప్పు తన రాతలోనే ఉందని తేలుతోంది మరి. ఆ భయం పక్కనే, ఆమెకే సిగ్గనిపించేంత సంతోషం కూడా కలిగింది. వెతకవలసిన చోటు ఇంత చిన్నదయిపోయింది కదా.

"పది నలభై ఐదు," అన్నారు జగన్నాథరావు గారు.

ఆమె ప్రోగ్రాంలో రెండు వందల మంది గుమాస్తాలు కౌంటర్లలో కూర్చుని ఉన్నారనుకోండి. విద్యార్థి యాప్ తెరిచి హాల్ టికెట్ నంబరు కొట్టగానే ఒక గుమాస్తా అతన్ని పిలిచి కూర్చోబెడతాడు, పాస్‌వర్డ్ అడుగుతాడు, అది సరిపోతే పరీక్ష హాల్లోకి పంపించి ఇంకొకర్ని పిలుస్తాడు. మనిషికి అయిదారు సెకండ్లు. ఆ లెక్కన రెండు వందల మంది గుమాస్తాలు పద్నాలుగు వందల మందిని నిమిషంలో లోపలికి పంపేయగలరు. లెక్కలో రచన ఏనాడూ తప్పలేదు.

ఆ రెండు వందల మందీ ఈ క్షణాన ఏం చేస్తున్నారో తలా ఒక వరుస రాసిమ్మని ఆమె ప్రోగ్రాంను అడిగింది. తెర మీద వరుసలు బిలబిలమంటూ దిగాయి. మొదటి గుమాస్తా: పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తున్నాను. రెండో గుమాస్తా: పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తున్నాను. కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. రెండు వందల వరుసలూ అవే మాటలు.

"ఏంటిది?" అన్నారు జగన్నాథరావు గారు, కళ్ళద్దాలు సవరించుకుని.

"నంబర్ కొట్టిండ్రు సార్, పాస్‌వర్డ్ కొడ్తలేరు. అట్లనే కూర్చున్నరు. మనోళ్ళు కూడా వాళ్ళ ముందట అట్లనే కూర్చున్నరు. బయట వెయ్యి మంది నిలబడ్డరు, పిలిచేటందుకు ఒక్కడు ఖాళీ లేడు."

"ఎంతసేపటి నుంచి కూర్చున్నారు?"

రచన టైము చూసింది. గుమాస్తాలను పట్టుకుని ఉన్న ఫోన్ లైన్లలో కొన్ని ఉదయం ఏడు గంటలవి. కొన్ని ఆరింటివి. అయిదు దాటగానే పట్టుకున్నవి కూడా ఉన్నాయి. పదకొండింటి పరీక్షకు తెల్లవారుజామున వచ్చి, నోరు విప్పకుండా అయిదు గంటలు కూర్చునే మనిషి ఎవడుంటాడు?

సరిగ్గా అప్పుడే హెల్ప్‌లైన్ ఫోను మోగింది. ఉదయం నుంచి అది మోగుతూనే ఉంది గానీ ఈసారి రచన తీసి స్పీకర్ పెట్టింది.

"అక్కా, నేను శ్రీదివ్యను. చిక్కడపల్లి లేడీస్ హాస్టల్ నుంచి. యాప్ తెరుచుకుంటలేదక్కా. మా రూమ్ల ఎవరికి తెరుచుకుంటలేదు. పొద్దుగాల్నే కర్చీఫ్ ఏసిపెట్టినం గద, అయినా గిట్లైతే ఎట్ల?"

"ఏం ఏసిపెట్టిండ్రు?"

"కర్చీఫ్ అక్కా!"

బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద కర్చీఫ్ వెయ్యడం నారాయణగూడ చౌరస్తాలో బస్సెక్కిన ప్రతివాడికీ తెలుసు. అది వేశాక ఆ సీటు వాడిదే. తర్వాత తాపీగా ఎక్కి వచ్చి కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. అశోక్‌నగర్ స్టడీ హాళ్ళలో కర్చీఫ్ బదులు తువ్వాలో పుస్తకమో వేస్తారు. ముందు లేచినవాడు నిద్రపోతున్న నలుగురికి వేసి పెడతాడు. అది మర్యాద. వెయ్యనివాడు స్నేహితుడే కాడు.

"యాప్‌ల కర్చీఫ్ ఎట్ల ఏస్తరమ్మా?" రచన గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"ఏముందక్కా, హాల్ టికెట్ నంబర్ కొట్టి పాస్‌వర్డ్ కాడ వదిలేసుడే. అట్ల చేస్తే సీటు ఆగుతది. మళ్ళ వెనకకు వచ్చి దోస్తు నంబర్ కొడితే దోస్తుది కూడా ఆగుతది. అశోక్‌నగర్ల ఒక అన్న ఉన్నడు, మా అందరివి ఆయననే ఏస్తడు. చానా మంచోడు. పేరు తెల్వదు, మా నంబర్లు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకు పోయి ఆయనకు చేరుతయి. గ్రూప్‌ల మెసేజ్ పెట్టిండ్రు గదక్కా మీరే, ముందొచ్చినోళ్ళకే అని!"

"ఎవరు పెట్టిండ్రు?"

"ఆఫీసు నుంచే. రాఘవేందర్ సార్ పేరు మీద ఉన్నది."

రాఘవేందర్ తన ఫోను తీసి, వెనక్కి వెనక్కి జరుపుతూ ఆ మెసేజ్ దొరికే దాకా వెతికాడు. రెండో పరీక్ష అయిన మర్నాడు పెట్టింది. అతనే చదివాడు, ఇంకొకరి నేరం చదువుతున్నంత మెల్లగా.

"'ఆఖరి నిమిషంలో లాగిన్ అయ్యేవారికి హెచ్చరిక. ముందు వచ్చిన వారికే ప్రాధాన్యం. తర్వాత సీటు లేదంటే సంస్థ బాధ్యత వహించదు.'" ఫోను దించాడు. "పోరగాళ్ళు జర టైంకు వస్తరని పెట్టిన సార్. సీట్లు గీట్లు ఏం లేవు. ఊకెనే బెదిరించిన."

పది నలభై తొమ్మిది. జగన్నాథరావు గారు గడియారం వంక చూడటం మానేసి చాలాసేపయింది.

"అంటే తప్పు ఈయన మెసేజ్‌దేనా?" అన్నారు.

ఇక్కడ రచన అవునని తల ఊపి ఉంటే కథ వేరే ఉండేది. వారం రోజులుగా మనసులో మండుతున్న మనిషి, ఎదురుగా దోషి దొరికాడు. నేనైతే ఊపేసేదాన్నే. ఆమె ఊపలేదు.

"సగం సార్. మిగతా సగం నాది. ఎంతసేపు నోరు తెరవకపోతే లేపి పంపియ్యాలె అన్న మాట నేను ప్రోగ్రాంల రాయలేదు. నంబర్ కొట్టినోడు పాస్‌వర్డ్ కొట్టకుండ ఎందుకుంటడు అనుకున్న. ఒకడు ఫోన్ జేబుల పెట్టుకొని పడుకున్నా నా సర్వర్ వాని కోసం కూర్చునే ఉంటది. అది తప్పే. రెండేండ్లుగా ఉన్న తప్పు. మన దగ్గర ఇంతమంది కర్చీఫులు ఏసేటోళ్ళు లేకుండె, అందుకే కనపడలే."

"సరిచెయ్యగలవా?"

"ఒక్క వరుస సార్."

రాసింది. ఇరవై సెకండ్లు మాట లేకపోతే లేపి పంపించెయ్. రాసే ముందు, రెండు వందల లైన్ల జాబితాను వేరే ఫైల్లో భద్రంగా దాచింది. ఏ లైను ఏ నంబరుకు, ఏ టైముకు, ఏ ఫోను నుంచి వచ్చిందో అన్నీ అందులో ఉన్నాయి. పరీక్ష రాసే ప్రతి ఫోనూ ముందుగా ఒక విద్యార్థి పేరు మీద నమోదై ఉంటుంది గనక, ఎవరి కర్చీఫ్ ఎవరు వేశారో ఆ ఫైలే చెబుతుంది.

తర్వాత కుర్చీ తిప్పి రాఘవేందర్ వైపు చూసింది.

"ఇప్పుడు కొట్టుండ్రి."

"ఏంది?"

"రీస్టార్ట్."

అతను నమ్మలేనట్టు చూసి, ముందుకొచ్చి, బటన్ నొక్కాడు. పది యాభై నాలుగు.

ప్రోగ్రాం లేచింది. లేచీ లేవగానే తెగిన లైన్లన్నింటినీ ఫోన్లలోని యాప్‌లు తమంతట తాము మళ్ళీ కలుపుకోవడం మొదలుపెట్టాయి. నూట నలభై. నూట ఎనభై. రెండు వందలు. పోయిన రెండు ఆదివారాలూ ఇక్కడే కథ ముగిసింది. రాఘవేందర్ గొణుక్కుంటూ ఏదో దేవుడికి మొక్కాడు. రచన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాలు పొంగే ముందు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిలా కదలకుండా చూసింది.

రెండు వందలు. రెండు వందలు. నూట అరవై మూడు. తొంభై. పన్నెండు.

"అక్కా, వచ్చింది!" ఫోనులో శ్రీదివ్య అరిచింది. ఆ పిల్ల ఇంకా లైన్లోనే ఉందని అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు. "అందరికి వచ్చింది! ఉంటనక్కా!"

పదకొండు కొట్టేసరికి పదమూడు వందల డెబ్బై ఒక్క మంది లోపల ఉన్నారు. సర్వర్ ఏ ఇబ్బందీ లేకుండా, అడిగినవాళ్ళకు అడిగినట్టు ప్రశ్నలు ఇస్తూ కూర్చుంది. జగన్నాథరావు గారు గడియారం తీసి మళ్ళీ చేతికి పెట్టుకున్నారు.

"తప్పైంది బిడ్డా," అన్నాడు రాఘవేందర్. "నీ పేరు తియ్యొద్దుండె. నీ తమ్ముని పేరు అసలే తియ్యొద్దుండె."

రచన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ఆమెకే కోపం వచ్చింది. గెలిచిన మనిషికి వచ్చే కోపం అది, కొంచెం ప్రమాదకరమైనది.

"అందరి ముందట తీసిండ్రు అన్నా. నేను ఇంటికి పోయి అన్నం తినలేదు ఆ రోజు. మా తమ్ముడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సార్, నాదొకటే మాట. మా పేర్లు అందరి ముందట తీసినట్టే, ఈ కర్చీఫులు ఏసినోళ్ళ పేర్లు కూడా అందరి ముందట చదవాలె."

"వద్దు సార్, పోరగాళ్ళు తెలవక చేసిండ్రు. మెసేజ్ పెట్టినోణ్ణి నేనే గద," అన్నాడు రాఘవేందర్.

ఇద్దరి మాటా విని జగన్నాథరావు గారే తేల్చారు.

"ఒకటీ రెండూ వేసుకున్నవాళ్ళను వదిలేద్దాం. భయపడి వేసుకున్నారు. కానీ ఆ పిల్ల చెప్పిందే, అశోక్‌నగర్ అన్న, పదుల కొద్దీ వేసేవాడు. రెండు పరీక్షలు రద్దయ్యాక కూడా ఇవాళ మళ్ళీ వేశాడంటే వాడికి ఏదో లాభం ఉండి ఉండాలి. వాడి పరీక్ష ఇప్పుడే ఆపెయ్. పేరు లిస్టులోంచి నేను తీసేస్తాను. సరేనా?"

"సరే సార్," అంది రచన, ఆయన మాట పూర్తి కాకముందే. "ఎవరైనా సరే."

దాచిన ఫైలు తెరిచింది. ఏ ఫోను నుంచి ఎన్ని లైన్లో వరుసగా పేర్చమంది. ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఒకటి. అన్నింటికన్నా పైన ఒకే ఒక్క ఫోను. దాని నుంచి ఎనభై నాలుగు లైన్లు. మొదటిది ఉదయం అయిదు గంటల నాలుగు నిమిషాలకు. ఆ ఫోను ఎవరి పేరు మీద నమోదైందో చూపించమని అడిగింది.

అనుదీప్.

ఇంటిపేరు చూసింది. హాల్ టికెట్ నంబరు చూసింది. ఆ నంబరు ఆమెకు నోటికి వచ్చు, ఫారం నింపింది తనే గనక. అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఉంటున్న తమ్ముడు ఎనిమిదింటికి గానీ లేవడని ఆమె ఇన్నాళ్ళూ నమ్మింది. అయిదింటికే లేచి, తోటివాళ్ళకు ఒక్కొక్కరికీ కర్చీఫ్ వేసి పెట్టే తమ్ముడు ఉన్నాడని తెలిస్తే ఇంకో రోజైతే మురిసిపోయేది. చిన్నప్పటి నుంచీ వాడు అంతే, తనది పక్కన పడేసి పక్కవాడిది చూస్తాడు.

కానీ జగన్నాథరావు గారి మాట ఆమెను వదల్లేదు. రెండుసార్లు రద్దయ్యాక కూడా మళ్ళీ ఎందుకు వేశాడు? రద్దయితే పాత మార్కులు నిలుస్తాయి. పాత మార్కుల్లో వాడిది యాభై ఏడు. వాడు స్నేహితుల కోసం వేశాడా, యాభై ఏడు కోసం వేశాడా? సర్వర్ గురించి ఎనిమిది నిమిషాల్లో అన్నీ చెప్పగలిగిన రచనకు, ఒకే కంచంలో తిని పెరిగిన తమ్ముడి గురించి ఆ ఒక్క సంగతి చెప్పడం చేతకాలేదు.

ఒక్క వరుస చెరిపేస్తే చాలు. పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. రాఘవేందర్ కిటికీ దగ్గర ఉన్నాడు. ఎవరికీ తెలియదు.

"దొరికాడా అమ్మా? ఎవరు?" అడిగారు జగన్నాథరావు గారు.

"అనుదీప్ సార్," అంది రచన. "మా తమ్ముడు."

రాఘవేందర్ కిటికీ దగ్గర నుంచి ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు. తెర మీద, పరీక్ష రాస్తున్నవాళ్ళ వరుసల్లో, అనుదీప్ ఇరవై రెండో ప్రశ్నకు జవాబు పెట్టి ఇరవై మూడుకు వెళ్ళాడు. ఆ పక్కనే, అతని పేరుకు ఎదురుగా, 'ఆపు' అన్న చిన్న గడి ఉంది.

రచన బాణం గుర్తును తీసుకెళ్ళి ఆ గడి మీద నిలిపింది.

"ఆపమంటారా సార్?"